దెల్వీనో వెన్నులో పెన్సిలంత దారి

దెల్వీనో బ్రుసమరెల్లో బతుకంతా పందుల్ని పెంచినవాడే కాని, పంది చావు కళ్ళారా చూడలేనివాడు. ఈ మాట చెబితే సాన్ హోకె వాడలో జనం పగలబడి నవ్వేవారు. వాళ్ళ ముత్తాత ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చి ఈ కొండల్లో అడవి కొట్టుకున్న నాటినుంచి ఆ ఇంట్లో పందులు లేని రోజు లేదు. చలికాలంలో ఇంటి వెనక పందిని కోసేటప్పుడు దెల్వీనో గొడ్డలి భుజాన వేసుకుని, అరుపు వినపడనంత దూరం పోయి కట్టెలు కొట్టుకునేవాడు. "కోసేటప్పుడు మాయమవుతాడు, పళ్ళెంలోకి వచ్చేసరికి మాత్రం అందరికన్నా ముందు కూర్చుంటాడు" అని భార్య ఇరోనీ దెప్పేది. అతను తల వంచుకుని మొక్కజొన్న సంకటి మీద మాంసం పులుసు పోసుకుని తినేవాడు.

అందుకే షపెకో పట్నం నుంచి పశువుల డాక్టరు మార్లీజె కూన్ వచ్చి అడిగినప్పుడు అతను వెంటనే ఔననలేదు. ఆమె పనిచేసే చోట డాక్టర్లకు వెన్నుపూస ఆపరేషన్లు నేర్పుతారు. నడుం నిలువునా కోసే పాత పద్ధతి కాదు. పెన్సిలంత రంధ్రం చేసి, అందులోంచి కెమెరా, సన్నటి పట్టకారు పంపి, లోపల నీళ్ళు పారిస్తూ, తెర మీద చూస్తూ చేసే పని. ప్లాస్టిక్ బొమ్మ మీద మొదలుపెట్టినా, బొమ్మకు నెత్తురు రాదు. కొట్టుకునే గుండె ఉన్న ఒంటి మీద చెయ్యి తిరిగితే తప్ప మనిషి జోలికి పోకూడదు. పంది వెన్నులోని పొరా, నరమూ మనిషివాటికి దగ్గరగా ఉంటాయి.

"బెదరని పందులు కావాలి నాకు. బెదిరిన జంతువుకి మత్తు సరిగా ఎక్కదు. మీ పందులు మనుషుల్ని చూస్తే పారిపోవట కదా" అంది మార్లీజె.

"మత్తులోంచి మళ్ళీ లేస్తాయా?"

"లేవవు. క్లాసు అయిపోయాక, ఆ నిద్రలోనే ఇంకో సూది ఇస్తాను. నొప్పి మాత్రం తెలియనివ్వను. అది నా పూచీ."

మాంసం కంపెనీ లారీ ఎక్కి పోయే పందుల గురించి ఆ పూచీ ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు. దెల్వీనో రాత్రంతా ఆలోచించి సరేనన్నాడు. తన పాత వ్యానులో తనే తీసుకెళ్ళేవాడు. మత్తు ఎక్కేదాకా చెవి వెనక గోకుతూ కూర్చునేవాడు. కన్ను మూతపడగానే బయటికొచ్చి, వ్యాను దగ్గర సొరకాయ బుర్రలో మాటే అనే తేయాకు లాంటి ఆకు వేసి, వేణ్ణీళ్ళు పోసుకుని, ఇనప గొట్టంతో చప్పరిస్తూ ఉండేవాడు. లోపల ఏం జరుగుతుందో చూడలేదు, అడగలేదు.

ఒక్కసారే చూశాడు. ఆ రోజు పంది ఆలస్యంగా నిద్రపోయింది. ఈలోగా డాక్టర్లు వచ్చేశారు, ఎక్స్‌రే మొదలైంది. అది నడుస్తుండగా తలుపు తెరవకూడదని అతనికి ఒక బరువైన సీసపు కోటు తొడిగి గోడ పక్కన నిలబెట్టారు.

బల్ల దగ్గర ఉన్నది తైనారా వియెచెలి అనే కుర్ర డాక్టరు. దెల్వీనో వాడకి దగ్గరలోని నోవా ఫెల్త్రే ఊరి ఆస్పత్రికి కొత్తగా వచ్చిన ఎముకల డాక్టరమ్మ. నేర్పే పెద్దాయన, డాక్టర్ అరిస్తెవు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద నీళ్ళలో తెల్లటి దారం లాంటిది ఊగుతోంది. అదే నరం అన్నారు. తైనారా చెయ్యి చకచకా ఆడుతోంది. ముక్క తర్వాత ముక్క తీసి పళ్ళెంలో వేస్తోంది. దెల్వీనోకి కూడా ముచ్చటేసింది.

"బీపీ పడుతోంది" అంది మార్లీజె.

తైనారా తెర వంక చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. నెత్తురు చుక్క లేదు. "ఇక్కడేం లేదు, అంతా శుభ్రంగా ఉంది" అంది.

"పడుతోందమ్మా! ఆపు!"

అరిస్తెవు ఒక్క అంగలో వచ్చి ఎక్స్‌రే తీయించాడు. పట్టకారు మొన పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కుని దాటి, వెన్నెముక ముందువైపుకి పొడుచుకుపోయింది. అక్కడ, కడుపు వెనక, ఒంట్లోకెల్లా పెద్ద రక్తనాళం ఉంటుంది. నెత్తురంతా తెరకి కనపడని చోట కడుపులోకి పోతోంది. మార్లీజె ఏవేవో మందులు ఎక్కించింది. లాభం లేకపోయింది. గుండె చప్పుడు చూపించే గీత ఎగుడుదిగుళ్ళు లేకుండా చదునుగా సాగిపోయింది.

"ఇది మనిషైతే," అన్నాడు అరిస్తెవు, గొంతు పెంచకుండా, "పొద్దున తన కాళ్ళ మీద నడిచొచ్చి, నీకు నమస్కారం పెట్టి ఈ బల్లెక్కేవాడు."

దెల్వీనో కోటు విప్పి కింద పడేసి బయటికి పోయాడు. బుర్రలో వేణ్ణీళ్ళు పోసుకుంటుంటే చెయ్యి కాలింది. కాసేపటికి తైనారా వచ్చి మెట్ల మీద కూలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆ పంది మీదేనా?" అంది.

"నాదే."

"ఎక్స్‌రే ఫొటో తీసి లోతు చూసుకోవాలి, ప్రతిసారీ. ఇంకొక్క ముక్కేగా అనుకున్నా. తియ్యలేదు." ఆమె ముక్కు తుడుచుకుంది. "వచ్చే నెల మళ్ళీ తెస్తారా?"

దెల్వీనోకి ఒళ్ళు మండింది. "తెస్తే? మళ్ళీ చంపుతావా?"

"చంపుతానేమో. చంపాల్సొస్తే ఇక్కడే చంపాలి కదా."

అబద్ధమైనా చెప్పకుండా ఉన్నమాట మొహాన కొట్టిన ఆ పిల్ల నుంచి అతను మొహం తిప్పేసుకున్నాడు. మాటే బుర్ర కూడా అందివ్వలేదు. పక్కనున్న మనిషికి మాటే ఇవ్వకుండా ఒక్కడే తాగడం ఆ కొండల్లో తిట్టుతో సమానం. ఆమెకది అర్థమైంది. లేచి లోపలికి పోయింది.

అతను పందుల్ని తేవడం మానలేదు. ఆమె కూడా రావడం మానలేదు. ఆమె కారు చూసేవాడు, పలకరించేవాడు కాదు. ఇంటికొచ్చి ఇరోనీతో మాత్రం "ఆ పందుల్ని చంపే పిల్ల ఇవాళా వచ్చింది" అనేవాడు. అంతే, ఆమెకు ఆ ఇంట్లో ఆ పేరు ఖాయమైపోయింది.

ఆ మరుసటేడు వానాకాలం ముందు దెల్వీనో నడుం పట్టేసింది. ఈనలేక అవస్థ పడుతున్న పెద్ద ఆడపందిని పక్కకి తిప్పబోతే, వెన్నులో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. పిర్రలోంచి మడమ దాకా నిప్పుకణిక జారినట్టు నొప్పి. నాటుమందు రాశాడు. మంత్రం వేసే ముసలమ్మ చేత వేపాకు లాంటి ఆకేదో వీపు మీద ఊపించుకున్నాడు. పొరుగింటి వాల్దీర్ వచ్చి మోకాలితో నడుం తొక్కాడు. "ఒక్కసారి టక్‌మందంటే రేప్పొద్దున నాట్యం చేస్తావు" అన్నాడు. టక్‌మనలేదు. ఎడమ పాదం మాత్రం చెప్పు జారవిడిచి నడవడం మొదలుపెట్టింది.

"డాక్టరుకి చూపించవయ్యా బాబూ" అంది ఇరోనీ.

"చూపిస్తే కోస్తారు."

"కొయ్యకపోతే ఈ కాలు ఈడ్చుకుంటూ ఎన్నాళ్ళు తిరుగుతావు? నీకంటే నా కుంటి కోడి నయం."

వానలు దిగాయి. ఈ కొండల్లో వాన అంటే ఆకాశమే ఊడిపడ్డట్టుంటుంది. అలా ముసురు పట్టిన ఒక పొద్దున దెల్వీనో మంచం మీంచి లేవబోయి, తను కూర్చున్నది తనకే తెలియక ఆగిపోయాడు. పిర్రలూ తొడల మధ్యా చెక్కలా మొద్దుబారిపోయాయి. ముందురోజు సాయంత్రం నుంచి ఒంటికి కూడా పోలేదు. పొత్తికడుపు గట్టిపడి ఉబ్బింది కాని, పోవాలన్న ఇదే లేదు. సిగ్గుపడి చాలాసేపు చెప్పలేదు. చెప్పగానే ఇరోనీ మరో మాట మాట్లాడకుండా వ్యాను తాళాలు తీసుకుంది.

నోవా ఫెల్త్రే ఆస్పత్రిలో స్కానింగ్ తీశారు. తీసిన ఫిల్ము చూడ్డానికి వచ్చింది తైనారాయే. ఆమె గుర్తుపట్టింది. కాని ఆ మాట ఎత్తలేదు.

"డిస్కు ముక్క జారి నరాల కట్ట మీద కూర్చుంది. ఒంటికి పొయ్యేవీ, కాలుని ఆడించేవీ అన్నీ ఆ నరాలే. ఇవాళే తియ్యాలి. ఆలస్యమైన కొద్దీ తిరిగిరావు" అంది.

"షపెకోకి పోతాం" అన్నాడు దెల్వీనో, గోడవంక చూస్తూ.

"వంతెన మీద నుంచి నది పారుతోంది. అవతల దారిలో కొండచరియ పడింది. హెలికాప్టరు అడిగాను, ఈ మబ్బులో ఎగరలేమన్నారు."

"అయితే పూర్తిగా మత్తిచ్చి, పాత పద్ధతిలో కొయ్యండి. ఆ పనికి ఇంకెవరైనా ఉంటారు కదా."

మత్తు డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఏళ్ళ తరబడి పందుల షెడ్డు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు అవి. బోర్లా పడుకోబెట్టి పూర్తి మత్తిస్తే తట్టుకోలేవన్నాడు. నడుం దగ్గర మాత్రమే తిమ్మిరెక్కించి, మనిషి మెలకువగా ఉండగానే చిన్న రంధ్రంలోంచి చెయ్యాలి. అది ఆ ఊళ్ళో చెయ్యగలిగింది తైనారా ఒక్కతే. ఆస్పత్రికి ఆ పరికరం వచ్చిన తర్వాత పాతికమందికి పైగా చేసింది.

డాక్టర్లు కాస్త పక్కకి పోగానే దెల్వీనో ఇరోనీ చెయ్యి పట్టుకున్నాడు. "ఈవిడేనే ఆ పందుల్ని చంపే పిల్ల."

ఇరోనీ ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ తర్వాత శాలువాని కొంగులా బిగించుకుంది. "పందిని చంపినవాళ్ళందర్నీ వద్దంటే ఈ చుట్టుపక్కల నీకింత కాఫీ పోసే దిక్కు కూడా ఉండదు. నేనెన్ని చంపానో నీకు తెలీదా?"

"అది వేరు. నేను చూశానే. గీత చదునైపోవడం చూశాను."

ఇరోనీ కిటికీలోంచి వాన వంక చూసింది. "మరి ఇప్పుడేం చేద్దామయ్యా? నది తగ్గేదాకా కూర్చుందామా?"

తైనారా తిరిగొచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని అతని మొహానికి ఎదురుగా కూర్చుంది.

"మీరు ఆ రోజు అక్కడున్నారు. నాకు గుర్తుంది" అంది.

"ఆ రోజు ఫొటో తియ్యలేదు కదూ."

"తియ్యలేదు."

"ఇవాళ?"

"పట్టకారు లోపలికి పోయిన ప్రతిసారీ తీస్తాను."

"తియ్యకపోతే?"

"మీరు మెలకువగానే ఉంటారు కదా. అడగండి నన్ను."

దెల్వీనో ఆమె చేతుల వంక చూశాడు. కిటికీ మీద వాన దబదబా కొడుతోంది. ఆఖరికి, "నా ఆవిడని గుమ్మం దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు. అదే అతని ఒప్పుకోలు.

బోర్లా పడుకోబెట్టారు. మొహం పట్టడానికి గుంట ఉన్న తలగడ. అందులోంచి అతనికి కనిపించేవి నేల మీది పలకలు, ఒక నర్సు తెల్ల బూట్లు. సూదులు దిగాయి. నడుం పక్కనుంచి ఏదో నెట్టుకుంటూ లోపలికి పోతున్నట్టు తెలిసింది, నొప్పిగా కాదు, ఒత్తుతున్నట్టు. నీళ్ళ చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వినగానే అతని ఒళ్ళంతా చెమట పట్టింది. తేటగా ఉన్న నీళ్ళ వెనక ఏం జరగగలదో అతనికి తెలుసు.

"ఫొటో" అంది తైనారా.

టిక్కుమంది.

"బొటనవేలు కదపండి, దెల్వీనో గారూ."

"కదుపుతున్నా."

"కదల్లేదు. ఫర్వాలేదు. ఫొటో."

టిక్కు. ఆ మాట, ఆ చప్పుడు మళ్ళీ మళ్ళీ. ఒక్కోసారి నిప్పు తగిలినట్టయి అతను కేక వేసేవాడు. వెంటనే ఆమె ఆగేది. "అది నరం. పక్కకి జరుగుతున్నా" అనేది. పళ్ళెంలో ఏదో తడిగా పడేది. అలా కొంత సేపయ్యాక, "చిన్న ముక్కలు వచ్చాయి. పెద్దది నరాల కిందే ఇరుక్కుని ఉంది. ఇప్పుడు దాన్ని పట్టుకోబోతున్నా" అంది.

సరిగ్గా అప్పుడే కొండమీద ఎక్కడో పిడుగు పడింది. దీపాలు పోయాయి. ఎవరో మరియమ్మ తల్లిని తలుచుకున్నారు. కింద జెనరేటరు గురగురలాడి అందుకుంది. దీపాలు వచ్చాయి, తెరా వచ్చింది. ఎక్స్‌రే యంత్రం మాత్రం రాలేదు. దాన్ని నడిపే మనిషి మీటలు నొక్కుతున్నాడు. "మొదట్నుంచీ తెరుచుకోవాలి డాక్టర్, టైము పడుతుంది" అన్నాడు.

"ఎంతసేపు?"

"చెప్పలేను."

మత్తు డాక్టరు గొంతు విసుగ్గా వినపడింది. "ఈయన ఊపిరి బరువెక్కుతోంది. ఇలా బోర్లా ఎక్కువసేపు ఉంచలేం."

"ముక్క కనపడుతోంది కదా డాక్టర్" అంది నర్సు. "తెర మీద ఎదురుగానే ఉంది. ఒక్క పట్టు పడితే వచ్చేస్తుంది."

నీళ్ళు పారుతూనే ఉన్నాయి. తిమ్మిరి తగ్గుతున్నట్టుంది, తొడ లోపల మంట ఎగదన్నుకొస్తోంది. ఛాతీ మీద బస్తా పెట్టినట్టుంది. దెల్వీనోకి ఇంక ఏ పందీ గుర్తు రాలేదు, ఏ కోపమూ లేదు. ఇది అయిపోతే చాలు.

"కానివ్వు తల్లీ" అన్నాడు తలగడ గుంటలోకి. "నా కోసం ఆగొద్దు. కానిచ్చెయ్."

"కానివ్వను."

"నేనే చెబుతున్నాగా!"

"మీరు చెప్పినా సరే. లోతు చూడకుండా ముట్టుకోను." ఆమె ఎడమ చెయ్యి అతని వీపు మీద ఆనింది. "దగ్గొచ్చినా ఆపుకోండి. కదలకండి. నేనూ కదలను."

ఆ చెయ్యి వణకడం లేదు. వణుకుతున్నది అతని వీపే. నర్సు వంగి అతని వేళ్ళు పట్టుకుంది. గుమ్మం అవతల ఇరోనీ జపమాల తిప్పుతూ గొణగడం వినిపించింది. అతనూ కలపబోయాడు, చిన్నప్పటినుంచి వచ్చిన ప్రార్థన సగంలో మరిచిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు. ఎన్నిసార్లు మొదటికొచ్చాడో తెలియదు. మత్తు డాక్టరు "తైనారా, ఇంక..." అన్నాడు. ఆమె "వద్దు" అంది. అంతే.

యంత్రం కీచుమంది.

"ఫొటో."

టిక్కు.

తైనారా బూట్లు బల్లకి దగ్గరగా జరిగాయి. "పట్టకారు మొన డిస్కు అవతలి అంచుకొచ్చేసింది" అంది, మెల్లిగా, పైకే. "దీపాలు పోయినప్పుడు జరిగుంటుంది. వెనక్కి తీస్తున్నా. ఫొటో. ఇంకొంచెం. ఫొటో." ఆపైన చెయ్యి తిరిగింది. లోపల ఏదో సాగి, సాగి, విడివడింది.

మంట ఆరిపోయింది. కుండెడు నీళ్ళు కుమ్మరించిన పొయ్యిలా, ఒక్కసారిగా. దెల్వీనో వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. "కదలకండి, కదలకండి, ఇంకా కుట్టు వెయ్యాలి" అంది తైనారా.

ఆ సాయంత్రం ఆమె అతని మంచం దగ్గరికొచ్చి, చిన్న సీసాలో వేసిన ముక్కని చూపించింది. బొటనవేలి గోరంత కూడా లేదు.

"ఇంతేనా!" అన్నాడు దెల్వీనో.

"ఇంతే."

అతను చాలాసేపు దాన్ని తిప్పి చూశాడు. "ఒకటడుగుతా, నిజం చెప్పు. నా పంది ఆ రోజు చావకపోయుంటే, ఇవాళ ఆగేదానివా?"

తైనారా సీసా తీసుకుని జేబులో వేసుకుంది. "తెలీదండీ. ఆగేదాన్నని చెబితే అబద్ధమవుతుంది. ఆగేదాన్ని కాదన్నా అబద్ధమే."

ఇరోనీ అడ్డం పడింది. "చాల్లే ఇంక. ఆ అమ్మాయి పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేదు." సంచీలోంచి రొట్టె, జున్ను తీసి, వద్దంటున్నా చేతిలో పెట్టింది.

పని అంతటితో ముగియలేదు. కాలి నొప్పి పోయింది కాని, ఒంటికి గొట్టం వేసే ఉంచారు. నరాలు తిరిగి పలుకుతాయో లేదో గొట్టం తీస్తేనే తెలుస్తుంది. పలకకపోతే మిగిలిన బతుకంతా మూత్రపు సంచీ కట్టుకుని తిరగాల్సిందే. గొట్టం తీసిన రోజు పొద్దుట్నించీ దెల్వీనో గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తాగాడు. మరుగుదొడ్డిలోకి పోవడం, ఒట్టి చేతులతో తిరిగి రావడం. తైనారా మధ్యాహ్నం ఒకసారి వచ్చి ఏమీ అడగకుండా మొహం చూసి వెళ్ళిపోయింది. వాల్దీర్ పరామర్శకొచ్చి, "పంది డాక్టరమ్మ చేత చేయించుకున్నావటగా, ఇంక తోకొస్తుందేమో చూసుకో" అన్నాడు. ఇంకో రోజైతే నవ్వే మాటే, ఆ రోజు దెల్వీనో నవ్వలేకపోయాడు.

పొద్దు వాలుతుండగా ఇరోనీ అతన్ని మళ్ళీ లోపలికి తోసి, బయటి కుళాయి పూర్తిగా తిప్పేసింది. "వింటున్నావా? నీళ్ళు చూడు ఎలా పోతున్నాయో!"

"నువ్వలా అరుస్తుంటే ఉన్నది కూడా పోతుందే!"

"పోవాలనేగా నా గోల!"

వార్డులో మిగతా రోగులు మాటలాపి చెవులు రిక్కించారు. చాలాసేపు కుళాయి చప్పుడే. ఆ తర్వాత లోపలినుంచి, మొదట నమ్మకం లేనట్టు, తర్వాత గొంతెత్తి, "ఇరోనీ! వస్తోందే! వస్తోంది!" అని కేక. వార్డంతా చప్పట్లు. పక్కమంచం మీది ముసలాయన లేచి కూర్చుని తన కాఫీ గ్లాసు పైకెత్తాడు. ఇరోనీ కుళాయి కట్టెయ్యడం కూడా మరిచిపోయి, గోడకి నుదురు ఆనించుకుని నిలబడిపోయింది.

ఎడమ పాదం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చెప్పులో ప్లాస్టిక్ పట్టీ వేసుకుంటే తప్ప వేళ్ళు కిందికి వాలిపోతాయి. బరువులు ఎత్తవద్దన్నారు కనక పెద్ద షెడ్డుని అల్లుడికి అప్పగించి, శిక్షణ కేంద్రానికి పోయే కొద్ది పందుల్నే తన దగ్గర ఉంచుకున్నాడు. అవి కూడా తగ్గాయి. బొమ్మ మీద చెయ్యి కుదిరిందని తేలినవాళ్ళనే ప్రాణమున్నదాని దగ్గరికి రానివ్వాలని మార్లీజె, తైనారా కలిసి పట్టుబట్టి నెగ్గించుకున్నారు. ఇప్పుడు వ్యాను నడిపేది ఇరోనీ. ఎడమ కాలితో క్లచ్ తొక్కలేనని ఒప్పుకోవడానికి దెల్వీనోకి ఏడాది పట్టింది. పక్కసీటులో కూర్చుని, మలుపు మలుపుకీ "మెల్లిగా, మెల్లిగా" అంటాడు. ఆవిడ వినదు. కొండ దిగేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే పోతారు.